జీరో కార్బ్ బాబాయి

పెళ్ళి భోజనాల దగ్గర ఈయన్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. బంతిలో అందరి ఆకుల్లో అన్నం పడుతుంటే ఈయన మాత్రం రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, "నాకొద్దు నాయనా, నాకొద్దంటున్నానా" అంటూ వడ్డించే కుర్రాడితో పెనుగులాడుతుంటాడు. వేపుడు వచ్చినప్పుడు ఆ చేతులు వాటంతటవే పక్కకి జరుగుతాయి. పనసకాయ కూర అన్నం లేకుండా తింటాడు. పప్పు వద్దంటాడు, పప్పులో నెయ్యి మాత్రం వేయమంటాడు. గరిటెడు గడ్డపెరుగు వేయించుకుని, పక్కాయన ఆకులోని బూరె కేసి ఓసారి తేరిపార చూసి, దాంట్లో పిండి ఎంతో బెల్లం ఎంతో గ్రాముల్లో పైకి చెప్తాడు. ఆ తర్వాత పక్కాయనకి ఆ బూరె గొంతు దిగదు.

అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. కాలనీ మొత్తానికీ ఆయన కీటో బాబాయి. ఊరికొకరు ఉంటారు. మా విజయవాడలో అయితే అపార్టుమెంటుకి ఫ్లోరుకొకరు. దానికి కారణం లేకపోలేదు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైటు రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. అన్నం బంద్, పళ్ళు బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగేసి లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. ఫంక్షన్ హాళ్ళలో సభలు జరిగాయి, నిలబడడానికి చోటు లేనంతగా. తలకి రాసుకోవడానికి కొన్న కొబ్బరినూనె కాఫీలోకి వెళ్ళిపోయింది. ఆ ఊపు తర్వాత తగ్గింది గానీ బాబాయిలు మిగిలారు.

మా బాబాయి బ్యాంకు ఆఫీసరు చేసి దిగినవాడు. షుగరు గీత దాటబోతోందని డాక్టరు అన్న రోజే ఇంట్లో బియ్యం డబ్బా మూత మీద పుర్రె బొమ్మ అంటించాడు. ఎగతాళి చేస్తున్నానని కాదు, ఫలితం కనబడింది కూడా. షుగరు దిగింది, బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి, మోకాళ్ళు మెట్లు ఎక్కనిచ్చాయి. అయితే మొదటి వారంలో మూడు కిలోలు పోయాయని ఆయన కాలనీ అంతా స్వీట్లు పంచబోయి, స్వీట్లు పంచకూడదని గుర్తొచ్చి బాదంపప్పులు పంచాడు. ఆ మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్ళే. ఒంట్లో దాచిన గ్లైకోజెన్ గ్రాము ఖర్చయితే దానితో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు బయటికి పోతాయి. ఈ మాట చెప్తే బాబాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒళ్ళు కొవ్వు కరిగించేటప్పుడు పుట్టే కీటోన్లు పడుతున్నాయో లేదో చూసుకోవడానికి మందుల షాపులో స్ట్రిప్పులు దొరుకుతాయి. మూత్రంలో ముంచితే రంగు మారుతుంది, లేత గులాబీ నుంచి ముదురు వంగపండు రంగు దాకా. బాబాయి రోజూ పొద్దున్నే ఆ పుల్ల పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, వెలుతురులో డబ్బా మీది రంగులతో సరిచూసుకునేవాడు. ఎదురింటివాళ్ళకి కూడా చూపించేవాడు. పిన్ని ఒకరోజు ఆ పుల్ల కేసి కళ్ళు చికిలించి చూసి, "ఏవండీ, దాన్ని పారేయకండి, కడిగి ఇవ్వండి. నా చీరకి సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డ కోసమే బీసెంట్ రోడ్డంతా తిరుగుతున్నా" అంది. అప్పటినుంచి పరీక్షలు బాత్రూం తలుపు వెనకే జరుగుతున్నాయి.

ఉగాది పచ్చడిలో బెల్లం వేయొద్దన్నాడు. ఆ ఏడాదికి అయిదు రుచులే మిగిలాయి. సంక్రాంతికి అరిసెల పాకం పడుతున్న వీధిలోంచి ముక్కు మూసుకుని వెళ్ళాడు. ఆయన ఓడిపోయింది ఒక్క సత్యనారాయణస్వామి వ్రతంలోనే. అయిదో అధ్యాయంలో తుంగధ్వజుడు ప్రసాదం కాదని పోయి కొడుకుల్నీ సంపదనీ పోగొట్టుకున్నాడని పురోహితుడు చదివి ముగించీ ముగించగానే, రవ్వప్రసాదం దొన్నె బాబాయి చేతికొచ్చింది. గోధుమరవ్వ, పంచదార, అరటిపండు, పాలు, నెయ్యి. ఆయన జాబితాలో పాసైంది నెయ్యి ఒక్కటే. బాబాయి డల్లాస్‌లో ఉన్న కొడుకుని తలుచుకున్నాడు, కళ్ళకద్దుకుని తిన్నాడు. అంతవరకూ భక్తే. రెండో దొన్నె, మూడో దొన్నె దేనికని నేనడిగితే, "ఎలాగూ ఇవాళ్టి రోజు పాడైందిగా అబ్బాయ్" అన్నాడు. డైట్లు చేసేవాళ్ళందరికీ నోటికి వచ్చిన మంత్రం ఇదొక్కటే. ఆ సాయంత్రం డాబా మీద సిట్టింగు వేసింది కూడా ఈ మంత్రం చదివే.

ఆ సిట్టింగు చూసి తీరాలి. వాటర్ ట్యాంకు పక్కన చాప, మధ్యలో సీసా, సోడాలు, స్టఫ్. బాబాయి కళ్ళజోడు సవరించుకుని లేబుల్ చదువుతాడు. ఎవరైనా బీరు తెచ్చారా, వాళ్ళ పని అయిపోయింది. "అది బార్లీ గంజి నాయనా! గంజి తాగడానికి డాబా ఎక్కాలా?" అంటాడు. రమ్ము కూడా కూడదు, చెరకు నుంచి వస్తుందట. ఆయన పుచ్చుకునేది విస్కీ. మన దేశంలో చవక విస్కీల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి మూలం ఆ చెరకు మడ్డేనని గానీ, ఆవిరి పట్టి దించాక ఏ సారాయిలోనూ తీపి మిగలదని గానీ ఆయనకి చెప్పి లాభం లేదు. కొలత గ్లాసుతో ముప్పై ఎం.ఎల్. కొలిచి, వెలుతురుకి ఎత్తి చూపించి, "కార్బ్స్ ఎంత? సున్నా!" అని ప్రకటిస్తాడు.

సున్నాయే, అబద్ధం లేదు. కానీ ఆల్కహాలు గ్రాముకి ఏడు క్యాలరీలు. 42.8 శాతం సరుకు ముప్పై ఎం.ఎల్.లో పది గ్రాముల ఆల్కహాలు, అంటే డెబ్బై క్యాలరీలు. ఆయన మూడు లార్జిలు, అంటే ఆరు ముప్పైలు, పుచ్చుకుంటాడు. అంటే నాలుగు వందల ఇరవై, ఇంచుమించు ఎనిమిది ఇడ్లీలు, చట్నీ కాకుండా. పైగా మందు లోపలికి రాగానే లివరు మిగతా పనులు ఆపి ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. బ్యాంకాయనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, కొవ్వు ఫైలు పెండింగులో పడుతుంది. దీనికి బాబాయి సమాధానం: "పెండింగే కదా, రిజెక్ట్ కాలేదుగా."

అసలు వినోదం స్టఫ్ దగ్గర. మొదటి పెగ్గుకి వేరుశనగపప్పులు లెక్కపెట్టి అరచేతిలో పోసుకుంటాడు. కింద నుంచి వేడివేడి మిర్చి బజ్జీలు వస్తే శనగపిండి తొడుగు ఒడుపుగా ఒలిచి పక్కన పెట్టి, లోపలి మిరపకాయ ఒక్కటే తింటాడు. ఆ తీయడంలో ఎంత నైపుణ్యమంటే తొడుగు ఎక్కడా చిరగదు. రెండో పెగ్గుకి పప్పుల లెక్కలో సగం బద్దలు రెండైతేగానీ ఒకటి కింద రావడం లేదు. మూడో పెగ్గుకి లెక్కే లేదు. చివరికి ఆయన చెయ్యి ఆ పక్కన పెట్టిన తొడుగుల మీదికి వెళ్ళింది.

"బాబాయ్ గారూ, అది పిండి కదండీ!"

"మిర్చితో కలిపి తింటే తప్పు. విడిగా తినొచ్చు."

ఇలాంటి వాదనకి ఆధారం అడిగితే ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు. విలియం బాంటింగ్ అని, లండన్లో గొప్పవాళ్ళ అంత్యక్రియలకి ఏర్పాట్లు చేసే వ్యాపారి. బూట్లు కట్టుకోవడానికి కూడా వంగలేనంత లావెక్కి, ఒక డాక్టరు మాట విని రొట్టె, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానేసి సన్నబడి, 1863లో ఆ సంగతంతా చిన్న పుస్తకంగా అచ్చేయించాడు. అన్నం మానేసే మతానికి మూలపురుషుడు ఆయనే అనొచ్చు. ఆయన భోజనాల పట్టికలో మధ్యాహ్నం రెండు మూడు గ్లాసుల వైను, రాత్రి మళ్ళీ ఒకటో రెండో, పడుకునే ముందు కావాలనుకుంటే పంచదార లేని విస్కీయో బ్రాందీయో ఉన్నమాట నిజం. పైగా 81 ఏళ్ళు బతికాడు. ఫోనులో ఇది చదివిన రోజు బాబాయి మొహంలో వెలుగు నేను మరి చూడలేదు. బాంటింగ్ మానేసినవన్నీ ఆయనకి నోటికి రావు. తాగినవి మాత్రం వరసగా చెప్తాడు.

ఇంతవరకు చదివి ఈయనకి నిగ్రహం లేదనుకుంటే పొరపాటు. కింద హోటలు వాళ్ళు బిర్యానీ దమ్ము విప్పే వేళకి మెట్ల మీద నిలబడి, వాసన పీల్చి, నిదానంగా పైకి వస్తాడు. బంధువులు తెచ్చిన బందరు లడ్డూ పెట్టె మూడు రోజులు టేబుల్ మీద ఉన్నా మూత తీయడు. "క్రేవింగ్ వచ్చిందనుకో, ఓ గ్లాసు మజ్జిగ తాగి పావుగంట వేరే పనిలో పడు. అదే పోతుంది" అని అందరికీ చెప్తాడు. నిజంగానే పోతుంది. చాలామందికి పనిచేసే చిట్కా అది.

ఆయన్ని పడగొట్టేది వాసన కాదు. తోడల్లుడు అమరావతి దగ్గర ఇంకో ప్లాటు కొన్నానని ఫోన్ చేస్తాడు. తన కింద పనిచేసినవాడికి ప్రమోషన్ వచ్చిందని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. డల్లాస్ నుంచి కొడుకు "నాన్నా, మీటింగులో ఉన్నా, మళ్ళీ చేస్తా" అంటాడు, మళ్ళీ చేయడు. అప్పుడు లేస్తాడు బాబాయి. తిన్నగా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడతాడు. ఏమీ తీయడు, మూయడు. ఫ్రిజ్ కుయ్‌మని మొత్తుకునేదాకా నిలబడి, అక్కణ్ణుంచి బీరువా పై అరలో ఉన్న సీసా దగ్గరికి పోతాడు. సీసా ఖాళీ అయితే వంటింట్లో బెల్లం వేట. పిన్ని బెల్లాన్ని చింతపండు జాడీలో దాచింది, కుట్టు మిషను డ్రాయరులో దాచింది. ఫోన్ వచ్చిన రోజున ఎక్కడున్నా దొరికిపోతుంది.

ఒక రాత్రి గిన్నెల చప్పుడుకి పిన్ని లేచి వెళితే, ఈయన వంటింటి గట్టుకి ఆనుకుని, పనమ్మాయి కోసం ఉంచిన అన్నంలో పెరుగు కలుపుకుని ఆవకాయ బద్ద నంజుకుంటున్నాడు.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"ఆవకాయలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నా."

"వేసవిలో పెట్టిన ఆవకాయకి ఇప్పుడా?"

పిన్ని మర్నాడు నాతో అంది: "ఆయనకి ఆకలి పొట్టలో వెయ్యదు నాయనా, ఫోన్లో వేస్తుంది." ఇన్ని స్ట్రిప్పులు, ఇన్ని తూకాలు పెట్టి బాబాయి పట్టుకోలేని సంగతి ఆవిడ పట్టేసింది. విస్కీ సున్నా కార్బ్ అనీ పెరుగన్నం ముప్పై గ్రాములనీ ఆయన వాటిని రెండు ఖాతాల్లో రాసుకుంటాడు. పిన్ని లెక్కలో రెండూ తోడల్లుడి ఖాతాయే.

దీనికి మందు కూడా ఆవిడే కనిపెట్టింది. అలాంటి ఫోన్ రాగానే బాబాయి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెడుతుంది. ఇద్దరూ రైవస్ కాలువ దాకా నడిచి వస్తారు. పోయేటప్పుడంతా తోడల్లుణ్ణి తిడతాడు, వచ్చేటప్పుడు కొడుకుని వెనకేసుకొస్తాడు. ఇంటికొచ్చి చారెడు బాదంపప్పు తిని పడుకుంటాడు. ఫ్రిజ్ తలుపు దానిపాటికది మూసే ఉంటుంది. చెప్పులు పెట్టడం మరిచిపోయిన రోజున మాత్రం మళ్ళీ డాబాయే.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి బాబాయి తప్పకుండా ఉంటాడు. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఆయన షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ, అన్నం మానేసి, పైన విస్కీ పుచ్చుకుంటుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. లివరు ఆల్కహాలు పనిలో ఉన్నంతసేపూ రక్తంలోకి కొత్తగా చక్కెర తయారుచేసి పంపలేదు. షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు, తాగిన చాలా గంటల తర్వాత నిద్రలో కూడా. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళయితే, షుగరు మామూలుగానే కనబడుతూ కీటోన్లు ప్రమాదం దాకా పెరగొచ్చు. కాబట్టి అన్నం మానేముందే డాక్టరుకి మందుబిళ్ళల సంగతీ మందు సంగతీ రెండూ చెప్పించండి. ఒకవేళ డాబా మీద చెమటలు పట్టి, చేతులు వణికి, మాట ముద్దముద్దగా వస్తుంటే, ఎక్కువైందిలే అని దుప్పటి కప్పి పడుకోబెట్టకండి. వేలు గుచ్చి షుగరు చూడండి. 70 కన్నా తక్కువుంటే, స్పృహలో ఉంటే, పంచదార నీళ్ళు పట్టించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. పంచదార అనగానే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి కార్బ్స్ అంటాడు. వినొద్దు.