ముక్కుకి కన్నం

పొద్దున్న టిఫిన్‌కి ముందు ఒకటి, తిన్నాక రెండు, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి. నా డెబ్బై ఎనిమిదేళ్ళ బతుకు ఇప్పుడు ఓ ప్లాస్టిక్ డబ్బాలో, ఏడు గదుల్లో, వారాల పేర్లు రాసి సర్ది ఉంది. మా ఆవిడకీ అలాంటిదే ఇంకోటి. ఒకరి మాత్రలు ఒకరం మింగేస్తామని నాది నీలం, ఆవిడది గులాబీ.

ఆ డబ్బా మూత తెరిచినప్పుడల్లా నా నోరు కూడా తెరుచుకుంటుంది. “మా రోజుల్లో ఈ షుగర్లూ బీపీలూ ఎక్కడున్నాయి? జూట్ మిల్లు కూతకి లేచేవాళ్ళం. చోడి అంబలి తాగి, గంటెన్నం తిని, శివరాత్రికి రామతీర్థం నడిచెళ్ళి నడిచొచ్చేవాళ్ళం. చంపావతిలో ఈత కొట్టేవాళ్ళం. డాక్టరు మొహం ఎరుగుదుమా?”

మొన్న సెలవులకి వచ్చిన మనవరాలు ఇదంతా విని, ఫోన్లోంచి తలెత్తింది. విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. “అంత ఆరోగ్యంగా ఉండేవారు కదా, మరి నీ ముక్కుకి ఆ కన్నమేంటి తాతా?” అంది.

తగలవలసిన చోటే తగిలింది.

నాకంటే ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాణ్ణి నేను. నేనైనా దక్కాలని నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారట. పక్కింటి అప్ప వచ్చి ఎత్తుకుని, ‘ఈ గుంటడు నావోడు’ అందట. మా అమ్మ ఆవిడకి శేరు తవుడు కొలిచిచ్చి నన్ను కొనుక్కుందట. పనికిరానివాడని చావుకి తెలియడానికి ముక్కు కుట్టించారు. మా వైపు ఇన్ని తవిటయ్యలూ, తవిటమ్మలూ, పెంటయ్యలూ ఎందుకున్నారనుకున్నారు? ఒక్కో పేరు వెనకా పేరు పెట్టకుండానే పోయిన ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఇప్పుడు మా నెల్లిమర్ల బళ్ళో హాజరుపట్టీ తిరగెయ్యండి, ఒక్క తవిటయ్య దొరికితే నా పింఛను మీకిస్తాను. ఆ పేరు అవసరం తీరిపోయింది.

నేను పాతికేళ్ళు పైగా బడిపంతులుగా చేశాను. పంతులన్నాక జనాభా లెక్కల డ్యూటీ తప్పదు. 1981లో కాగితాల కట్ట చంకన పెట్టుకుని వీధి వీధీ తిరిగాను. పెళ్ళయిన ప్రతి ఆడమనిషినీ రెండు ప్రశ్నలు అడగాలి: ఎందరు పుట్టారు, ఎందరున్నారు? ఓ ముసలమ్మ అరుగు మీద కూర్చుని నన్నే తిరిగి అడిగింది: “పుట్టినోలా బాబూ, బతికినోలా?” వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిది దగ్గర ఆగింది. తరవాత ఒక్కొక్క కణుపే మడుచుకుంటూ వచ్చింది. “నలుగురు” అంది. రాసుకున్నాను. గడిలో అంకె పట్టింది గానీ, ఆవిడ మడిచిన ఆ అయిదు కణుపులూ నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

దేనికి పోయేవాళ్ళు? బొడ్డు కొడవలితో కోసిన చోట ధనుర్వాతం. కోరింత దగ్గు. కంఠసర్పి. తట్టు పోసి, తగ్గిందనుకున్నాక విరోచనాలు పట్టుకుని. పెద్దమ్మవారు వస్తే వేపమండలు కట్టి ముర్రాటలు పోసి తల్లీ చల్లబడమని దండం పెట్టడమే. వానాకాలం వస్తే కలరా. చలిజ్వరం సరేసరి. ఇవన్నీ గట్టెక్కినవాడికి దోమ మిగిల్చిన బోదకాలు.

“1951 నాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళే” అంది మనవరాలు. నేను ఊరుకుంటానా? “మా తాత ఎనభై రెండేళ్ళు బతికాడు!” అన్నాను. “అదే కదా తాతా! పసికందుగా ఒకరు పోయి ఒకరు అరవై నాలుగేళ్ళు బతికితే సగటు 32. మీ తాత ఒక్కడే నీకు గుర్తున్నాడు. మిగిలినవాళ్ళు గుర్తుండే వయసుదాకా రాలేదు” అంది.

లెక్కల పంతులికి లెక్క చెప్పింది. అంబలి తాగి నూరేళ్ళు బతికారని మనం చెప్పుకునే పెద్దలందరూ జల్లెడలో మిగిలిన గింజలు. కింద రాలిపోయినవి ఎవరూ ఎంచలేదు.

ఆ జల్లెడ కన్నాలు పూడ్చింది ఏ మహామంత్రమూ కాదు. చేతి మీద మచ్చ పడే టీకా, బళ్ళో వరస కట్టించి పొడిచేవారు. ఇంటింటికీ డీడీటీ కొట్టేవాళ్ళు, గోడల మీద తెల్ల చారలు మిగిలేవి. 1975 మే నెలతో దేశంలో మశూచి ఆఖరైంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు సెలైను అయిపోతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతో కలరా రోగుల్ని నిలబెట్టాడు. అదే ఇప్పుడు అంగన్‌వాడీలో ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం. బోదకాలుకి వేసే డీఈసీ మాత్ర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో పట్టుకున్న మందే. 1971లో దేశంలో వెయ్యిమంది పుడితే ఏడాది నిండకుండా 129 మంది పోయేవారు. 2020కి అది 28, మన రాష్ట్రంలో 24. సగటు ఆయుర్దాయం డెబ్బైకి చేరింది.

పుట్టినవాళ్ళు దక్కుతారని నమ్మకం కుదిరాక తొమ్మిదిమందిని కనేదెవరు? గోడ గోడకీ ఎర్ర త్రికోణం గీసేవారు. ‘మేమిద్దరం, మాకిద్దరు’ అని రేడియో. పంతుళ్ళకి కూడా కు.ని. (కుటుంబ నియంత్రణ) కేసులు తెమ్మని పురమాయింపు. తలుపు తట్టి ఈ మాట ఎత్తితే ఆడవాళ్ళు చీపుర్లు తీసేవారు. ఆఖరికి ఆ భారం కూడా వాళ్ళే మోశారు. 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సంసారాలు చేసుకుంటున్న వందమంది ఆడవాళ్ళలో దాదాపు డెబ్బైమంది ఆపరేషను చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు వందకి ఒక్కడు కూడా లేడు! 1971లో దేశంలో తల్లికి సగటున 5.2 మంది పిల్లలు. ఆ సర్వే నాటికి మన రాష్ట్రంలో 1.7. జనం తరగకుండా నిలవడానికి 2.1 కావాలట.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు దాటితే సర్పంచి పోటీకి పనికిరారని రాశారు. మూడోవాణ్ణి కని పదవి కోసం ఏడ్చినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఉన్నారు. సరిగ్గా ముప్పై ఏళ్ళకి, 2024లో ఆ నిబంధన ఎత్తేశారు. ఎక్కువమందిని కనండర్రా అని ముఖ్యమంత్రి గారే చెబుతున్నారు. కు.ని. కేసుల కోసం చెప్పులరిగేలా తిరిగిన నా చేత ఇప్పుడు ఏం చెప్పిస్తారు? మనుషుల్ని కనడం పంపు తిప్పినట్టు అనుకున్నారు. ఓసారి కట్టేశాక తిప్పితే రాదు.

“ఒమ్రాన్ అని ఈజిప్టులో పుట్టిన డాక్టరొకాయన 1971లోనే రాశాడు తాతా” అంది పిల్ల. “ముందు కరువులూ అంటురోగాలూ చంపుతాయి. తరవాత అవి వెనక్కి తగ్గుతాయి. ఆ తరవాత గుండె, షుగరు, పక్షవాతం, క్యాన్సరు వస్తాయి. నువ్వు మూడో మెట్టు మీదున్నావు.”

మూడో మెట్టు ఎక్కించినందుకు సంతోషించాలా, మోకాళ్ళు నొప్పులని ఏడవాలా? నిజానికి మా రోజుల్లో ఇవి బొత్తిగా లేవనీ అనలేను. పొలం గట్టు మీద కుప్పకూలినవాడికి గాలి సోకిందనేవారు. మూతి వంకరపోతే ఎవరో చేతబడి చేశారనేవారు. కొలిచే పట్టీ లేదు గనక బీపీ లేదు. అలాగని నన్ను పూర్తిగా ఓడించకండి. దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాటేనని 2023లో భారత వైద్య పరిశోధన మండలి లెక్క తేల్చింది. అంతా ముసలాళ్ళేనా? మా వీధిలో ముప్పై అయిదేళ్ళవాడు వందగజాల దూరంలో ఉన్న పాల బూత్‌కి బండెక్కి వెళ్తున్నాడు. చోళ్ళేమో ఇప్పుడు ‘మిల్లెట్’ అని పేరు మార్చుకుని, ఏసీ కొట్లో బియ్యానికి రెట్టింపు ధర చెబుతున్నాయి. మేం లేక తిన్నాం, వీళ్ళు కొనుక్కుని తింటున్నారు.

ఒమ్రాన్ గారి మెట్ల లెక్క అన్నిచోట్లా కుదరదని కూడా మనవరాలికి చెప్పాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం కొబ్బరి తోటల్లో పనిచేసే మనుషులకి కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరూ లేదు, బీపీ లేదు, వయసూ మీరలేదు. ఇన్నేళ్ళు వెతికినా కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఆసుపత్రి వచ్చింది, జవాబు రాలేదు.

ఇక్కడ మాకు ఆసుపత్రికి లోటు లేదు. ఊళ్ళోనే మహారాజా వారి పేర మెడికల్ కాలేజీ ఉంది. విజయనగరంలో 2023లో సర్కారు కాలేజీ వచ్చింది. 108కి ఫోను కొడితే బండి వస్తుంది. బండెక్కించే చెయ్యే కరువు. మా అమ్మకి రొప్పు వస్తే అన్నదమ్ములం నలుగురం మంచం పట్టాం. మా పెద్దాడు హైదరాబాదులో, చిన్నాడు డాలస్‌లో. ఇద్దరికీ ఒక్కొక్కరే. మా తాతల రోజుల్లో కూలికి రంగం (రంగూన్) పోయేవారు, ఇప్పుడు చదువుకుని పోతున్నారు. 2001కీ 2011కీ మధ్య విజయనగరం జిల్లా జనం లక్ష కూడా పెరగలేదు. పుట్టేవాళ్ళు తగ్గారు, ఉన్నవాళ్ళు వెళ్ళారు. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చే కుర్రాడు మా వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతాడు. బడి బస్సు మాత్రం ఒక్క చోటే ఆగుతుంది.

2021లో రావలసిన జనాభా లెక్కలు 2027కి వాయిదా పడ్డాయి. ఈసారి కాగితాల కట్ట ఉండదట, అంతా ఫోనులోనేనట. ఏ కుర్ర పంతులో మా గుమ్మం ఎక్కి ‘ఎంతమంది ఉంటారు మాస్టారూ?’ అంటాడు. ఇద్దరం అంటాను. వయసులు చెబుతాను. మా ఆవిణ్ణి ఎందరు పుట్టారు, ఎందరున్నారు అని అడుగుతాడు. ఆవిడ కణుపులు మడవక్కర్లేకుండా, ఇద్దరూ ఉన్నారు నాయనా అంటుంది. మా అమ్మకి ఆ మాట అనే యోగం లేకపోయింది.

ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, చక్కెర లేని టీ ఇచ్చి, నా ముక్కు చూపిస్తాను. దీన్ని ఏ గడిలో రాస్తావో రాయి బాబూ అంటాను.