61.8 దగ్గర

కంపెనీ ఉద్యోగం వదిలి ట్రేడింగ్‌లోకి వచ్చినప్పటి నుంచీ మా బావకు ఫిబొనాచీ గీతలే లోకం. షేరు ఎక్కడి నుంచి లేచిందో, ఎక్కడ తిరగబడిందో చూసి, ఆ రెంటి మధ్యా అడ్డగీతలు లాగుతాడు: 23.6, 38.2, 50, 61.8, 78.6 శాతాల దగ్గర. పెరిగిన ధర దిగేటప్పుడైనా, పడిన ధర లేచేటప్పుడైనా ఈ మెట్ల మీద ఆగుతుందని ఆయన నమ్మకం.

మా అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఫిబొనాచీ వరసలో ముందుకు పోయేకొద్దీ ఒక సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో భాగిస్తే 0.618కి దగ్గరవుతుందనీ, ఒకటి వదిలి ఆపై దాంతో భాగిస్తే 0.382కి చేరుతుందనీ, 0.786 అన్నది 0.618కి వర్గమూలమనీ ఆమెకు కొత్తగా చెప్పక్కర్లేదు. 50 మాత్రం ఆ లెక్కలోంచి రాలేదు, పాతకాలపు చార్టులవాళ్ల అలవాటుగా వచ్చి చేరింది.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి బావ 2020 నాటి నిఫ్టీ చార్టు తీసి ఉన్నాడు.

"జనవరిలో 12,430. కోవిడ్ దెబ్బకి మార్చి 24న 7,511. పడినదాంట్లో సగం తేరుకుంటే ఎంత? 9,971. ఏప్రిల్ 30న 9,889 దాకా వచ్చి వెనక్కి తిరిగిందా లేదా? మేలో 8,800కి జారిందా లేదా?"

"మరి 61.8 సంగతేంటి?" వంటింట్లోంచి అక్క అడిగింది.

"అది 10,551. జూలైలో దాటేసింది. గీత దాటిందంటే ఇంకా పైకి పోతుందని అర్థం. నవంబరులో పాత గరిష్ఠాన్నీ దాటింది కదా!"

నాకు మనసొప్పలేదు. ధర ఆగితే గీత ఆపిందంటారు, దాటితే గీత దారి చూపిందంటారు. ఇక తప్పేదెప్పుడు? ఐదు గీతలు పరిచినచోట ధర ఏదో ఒకదాని దగ్గర ఎలాగూ తచ్చాడుతుంది. పైగా ఏ అడుగు నుంచి ఏ శిఖరానికి కొలవాలన్నది గీసేవాళ్ల చేతిలోనే ఉంది. వేలమంది అవే గీతలు చూసి అక్కడే ఆర్డర్లు పెడితే ఒక్కోసారి ధర నిజంగానే ఆగవచ్చు, ఆ మాట కొట్టిపారెయ్యను. కానీ 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది. ఆ నష్టాలు ఇళ్లలోంచి పోయినవి. బావ ఆడేదీ ఆప్షన్సే.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక గ్రాఫ్ కాగితం బల్ల మీద పెట్టింది. పెన్సిలు గీత. వారానికొక చుక్క. పేరు లేదు, అంకెలు లేవు.

"ఏవండీ, తెలిసినవాళ్లది. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా చెప్పండి."

బావ ముఖం విప్పారింది. స్కేలు తెచ్చుకుని, అడుగు నుంచి శిఖరానికి కొలిచి, ఓపిగ్గా ఐదు గీతలూ గీశాడు.

"38.2 దగ్గర కొన్నాళ్లు నిలబడింది. 50 దగ్గర ఆగలేదు. ఇదిగో, ఇక్కడ చూడరా! సరిగ్గా 61.8 దగ్గర నిట్టనిలువుగా లేచింది. ఎవరో పెద్ద చేతులవాళ్లు దిగారు." పెన్సిలు కిందికి జరిపాడు. "ప్చ్, నిలబెట్టుకోలేదు. 78.6 కూడా పోయింది. ఇంకా దీన్ని పట్టుకుని కూర్చున్నదెవరో గానీ, ఆశ వదులుకోమను. సోమవారం పొద్దున్నే ఎంతొస్తే అంతకి బయటపడమను."

"ఈ మాట మీ నోటితో వినాలనే గీశాను" అంది అక్క. "ఇది మీ ట్రేడింగ్ ఖాతాలో నిల్వ. శుక్రవారం శుక్రవారం రాసిపెట్టుకున్నా. ఆ 61.8 దగ్గర లేచిందన్నారే, అది నా గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టిన వారం."