బండి కొనమన్న పెద్దలకు మిడిల్ పాయింట్ నుంచి

మహారాజశ్రీ, విద్యుత్ వాహనాలే రేపటి బతుకని కూడలిలో హోర్డింగు కట్టించిన పెద్దలందరికీ, ఢిల్లీలో ఉన్నవారికీ, అండమాన్ దీవుల్లో ఉన్నవారికీ, రెండింటి మధ్య ఫైలు దగ్గర కూర్చున్నవారికీ,

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరూ, మీ కుటుంబమూ, మీ వాహనాలూ క్షేమమని తలుస్తాను. మీ ఇంటి ప్లగ్గులో కరెంటు, మీ డ్రైవరు ముఖంలో చిరునవ్వు ఎప్పుడూ తగ్గకూడదని కోరుకుంటూ ఈ నాలుగు ముక్కలు విన్నవించుకుంటున్నాను.

తమరి మాట మన్నించి బ్యాటరీ స్కూటర్ కొన్నాను. దాని బ్యాటరీ పోయింది. వారంటీ ఉంది. కొత్తది ఇస్తామని కంపెనీ కూడా ఒప్పుకుంది, వాళ్ల కడుపు చల్లగా. ఆ కొత్త బ్యాటరీ మెయిన్‌ల్యాండ్‌లో ఏదో గోడౌనులో నా పేరు రాసిన చీటీతో కూర్చుని ఉంది. అది అక్కడ, బండి ఇక్కడ, మధ్యలో బంగాళాఖాతం.

విమానంలో తెప్పించమని షోరూం కుర్రాణ్ణి అడిగాను. "లిథియం అంకుల్, ఫ్లైట్ ఎక్కనివ్వరు" అన్నాడు. నిజమే. విడిగా ప్యాక్ చేసిన లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయకూడదని 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రపంచమంతటా నిషేధం ఉంది. చేతిసంచిలో పెట్టుకునే పవర్ బ్యాంకే 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్‌ను అడగాలి. నాది దానికి ముప్పై రెట్లు. గాల్లో ఉండగా అది అంటుకుంటే ఎవరి తరం? విమానం వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

మరి ఓడ మాటేమిటి? ఓడలో వేయొచ్చట. కాకపోతే ప్రమాదకర సరుకుల్లో తొమ్మిదో తరగతి. డిక్లరేషన్ కావాలి, ప్యాకింగుకు సర్టిఫికెట్ కావాలి, ఇవన్నీ తెలిసిన ఏజెంటు కావాలి. ఒక్క బ్యాటరీకి ఎవడు పెడతాడీ తద్దినం? పది పదిహేను పోగయ్యాక కంటైనరులో కలిపి పంపుతారట. అంటే నా బండి కదలాలంటే ఊళ్లో ఇంకో పదిమంది బ్యాటరీలు చావాలి. నా మనసు ఎంత పాపిష్టిదైపోయిందో చూడండి. గోల్‌ఘర్ ఎక్కుడులో ఎవరి బ్యాటరీ బండైనా ఆగిపోయి కనబడితే అయ్యో పాపం అనాల్సింది పోయి, లెక్కలో ఇంకొకటి చేరింది అనుకుంటున్నాను.

ఇంతటితో అయిపోలేదు. పాతది ఇస్తేనే కొత్తది ఇస్తారట. పాతది పాడైన బ్యాటరీ. మంచి బ్యాటరీకే ఇన్ని కాగితాలు అడిగే ఓడ పాడైనదాన్ని ముట్టుకుంటుందా? బ్యాటరీ తయారుచేసి అమ్మినవాడే దాన్ని వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యత వహించాలని 2022 ఆగస్టులో నియమాలు తెచ్చారు మీరే. చాలా మంచి నియమాలు. వాటిని రాసేటప్పుడు దేశం పటంలో కుడివైపు నీళ్లలో ఉన్న చుక్కల్ని ఒక్కసారి చూశారా? చూస్తే ఆ బాధ్యత సముద్రం ఎలా దాటుతుందో ఒక్క వాక్యమైనా రాసేవారు కదా! ఊరి పేరు మార్చడానికి 2024 సెప్టెంబరులో మీకు ఒక్క ప్రకటన చాలింది. పొద్దున పోర్ట్ బ్లెయిర్‌లో లేచాం, రాత్రి శ్రీ విజయపురంలో పడుకున్నాం. ఆ వేగంలో వందో వంతు నా బ్యాటరీకి చూపించండయ్యా!

ఇప్పుడా చచ్చిన బ్యాటరీ మా మెట్ల కింద ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాదులోనూ ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ వార్తలు మా ఆవిడ మర్చిపోలేదు. ఆ తర్వాత పరీక్షల నిబంధనలు బిగించారని, కొత్త బళ్లకు ఆ భయం చాలావరకు తగ్గిందని ఎంత చెప్పినా వినదు. "అదైనా ఇంట్లోంచి పోవాలి, నేనైనా పుట్టింటికి పోవాలి" అంటోంది. పుట్టిల్లు పలాస. వెళ్లాలన్నా వైజాగ్ ఓడే గతి.

పోనీ బండే పనికిమాలినదని తిట్టుకుందామంటే, నోరు రాదు. మా ఊరికి దీన్ని మించిన బండి లేదు. చార్జింగ్ అయిపోతే ఎలా అని హైదరాబాదు వాళ్లు భయపడతారు. మేం భయపడటానికి అంత దూరం ఎక్కడుంది? ఊరు మొత్తం చుట్టి వచ్చినా పది పన్నెండు కిలోమీటర్లు. మరీ ముచ్చటపడి చిడియాటాపు దాకా వెళ్లినా, వండూరు దాకా వెళ్లినా, ఒక్క చార్జింగుతో పోయి రావచ్చు. ఇక్కడ రోడ్డంటే ఎక్కుడో దిగుడో తప్ప మూడోది లేదు. ఫీనిక్స్ బే దగ్గర్నుంచి మిడిల్ పాయింట్‌కు ఇద్దర్ని ఎక్కించుకుని ఎక్కితే పెట్రోల్ బండి మూలుగుతుంది, ఇది చప్పుడు లేకుండా పోతుంది. దిగుడులో బ్రేకు వేస్తే కాస్త కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక బస్సు వెనకాల పొగ మింగే బాధా తగ్గింది. మ్యూజియం ముందు నిలబడి మాట్లాడుకుంటే ఎదుటివాడి మాట వినబడుతోంది. ఇవన్నీ మీ ఖాతాలోనే వేస్తున్నాను, కాదనను.

డబ్బు మిగులుతుందా అంటే మాత్రం మెయిన్‌ల్యాండ్ వాళ్లకు మిగిలినంత మిగలదు. దేశంలో పెట్రోలు అతి చౌకగా దొరికేది మా ఊళ్లోనే. 2025లో హైదరాబాదులో లీటరు 107 రూపాయలు పలుకుతుంటే మా బంకులో 80 పై చిల్లర ఉండేది. అయినా కొన్నాం. టాంకరు ఓడ ఆలస్యమైనప్పుడల్లా బంకు ముందు క్యూలో నిలబడి నిలబడి విసిగిపోయి కొన్నాం. ఓడ కోసం ఎదురుచూడక్కర్లేని బతుకు ఒక్కటైనా ఉంటుందని కొన్నాం. ఇప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నానో పైన రాశాను.

"మీ కరెంటే డీజిల్‌తో పుడుతుంది, బ్యాటరీ బండి ఎక్కితే పుణ్యమేంటి" అని మా వాళ్లే ఎగతాళి చేస్తుంటారు. చాథమ్‌లో జనరేటర్లు, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో జనరేటర్లు, అన్నింటికీ ఓడలో వచ్చిన డీజిలే. అయినా లెక్క వేద్దాం. లీటరు డీజిలు కాలిస్తే మూడున్నర, నాలుగు యూనిట్లు పుడతాయి. తీగల్లో పోయేది పోగా ప్లగ్గు దాకా మూడు వస్తాయనుకోండి. ఆ మూడు యూనిట్లతో స్కూటర్ ఎనభై తొంభై కిలోమీటర్లు తిరుగుతుంది. పెట్రోల్ స్కూటర్ లీటరుకు 50 ఇస్తే అదే గొప్ప. అంటే డీజిల్ కరెంటు తాగినా సరే, బ్యాటరీ స్కూటరే నెగ్గింది. ఎగతాళి చేసేవాళ్లకు ఈ లెక్క నేను చెబుతూనే ఉంటాను. మీ తరఫున చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి.

కారు దగ్గర మాత్రం నా నోరు పడిపోతుంది. అదే మూడు యూనిట్లతో ఎలక్ట్రిక్ కారు ఇరవై కిలోమీటర్లు పోతే పోయినట్టు. హైబ్రిడ్ కారు లీటరు పెట్రోలుకు ఇరవై పైనే పోతుంది, కంపెనీ కాగితం మీదైతే 27 దాటుతుంది. ప్లగ్గు అడగదు, చార్జరు అడగదు, తన బ్రేకుల్లోంచీ, ఇంజనులోంచీ తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. దాని బ్యాటరీ కూడా చిన్నది. డీజిల్‌తో దీపం వెలిగించుకునే దీవికి కారు కావాలంటే హైబ్రిడ్డే న్యాయం. తమరి పన్ను ఏం చెబుతోంది? ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం. నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు సెస్సుతో కలిపి 43 ఉండేది; 2025 సెప్టెంబరు 22న దయతలచి 40 చేశారు. ఒకే దేశం, ఒకే పన్ను అంటారు, బాగానే ఉంది. ఒకే గ్రిడ్డు మాత్రం మాదాకా రాదు. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. అందులో సినిమాలొస్తాయి, కరెంటు రాదు.

సోలార్ పెట్టారు కదా అంటారా? పెట్టారు. గారచరమలో ఎన్‌టీపీసీది 5 మెగావాట్లు, తర్వాత ఎన్ఎల్‌సీది 20 మెగావాట్లు. ఎండ పగలు కాస్తుంది. మేం బండి చార్జింగ్ పెట్టేది రాత్రి పడుకునే ముందు. పగలు పని చేసేచోట, బజారులో, ఆఫీసు షెడ్డులో నాలుగు ప్లగ్గులు పెట్టిస్తే ఆ ఎండంతా బళ్లలోకి వెళ్లేది. ఆ పని ఎవరిదో తేలదు. రాత్రి ప్లగ్గు పెడితే సరిగ్గా ఆ గంటకే కరెంటు పోతుంది. ఇక అసలు మాట చెప్పనా? ఆ ఎన్ఎల్‌సీ సోలార్ పక్కన 8 మెగావాట్ అవర్ల బ్యాటరీలు కూడా పెట్టారు. నా స్కూటర్ బ్యాటరీ లాంటివి రెండున్నర వేలకు పైగా! అవి ఎగిరి వచ్చాయా? ఈదుకుంటూ వచ్చాయా? ఓడలోనే వచ్చాయి. అన్నింటికి దొరికిన ఓడ నా ఒక్కదానికి ఎందుకు దొరకదు?

ట్రంక్ రోడ్డు గోల ఇంకొకటి ఉంది. జిర్కటాంగ్ గేటు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా 49 కిలోమీటర్లు జారవా తెగవారు ఉండే అడవిలో కాన్వాయ్‌గా పోవాలి, మధ్యలో ఆగకూడదు. ఆ వరసలో చార్జింగ్ అయిపోయిన కారు ఒకటి నిలబడిపోతే ఏమవుతుందో ఊహించుకోండి, నేను రాయను. ఉప్పుగాలి, ఏడాదిలో సగానికి పైగా వాన, కనెక్టర్లకు పట్టే పచ్చచిలుము, ఇవి కూడా రాయను. చోటు చాలదు.

ఇచ్చిన రాయితీ మీద కూడా నాకు తగువు లేదు. కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయల దాకా పెంచి, 2023 జూన్‌లో 10,000 చేసి, 2024లో 5,000 చేసి, ఆ పైన 2,500కు దించారు. దించుకోండి, మీ ఖజానా మీ ఇష్టం. బండి కొనేటప్పుడు చేతిలో పెట్టే ఆ డబ్బుకంటే, కొన్నాక బ్యాటరీ పోతే ఏం చేయాలో చెప్పే మనిషి మాకు ఎక్కువ అవసరం.

అయ్యా, కోపంలో ఏదైనా ఎక్కువ తక్కువలు రాసి ఉంటే పట్టించుకోకండి. అడిగేది పెద్ద కోరిక కాదు. నెలకో రెండు నెలలకో ఒక ఓడలో, ఒక మూల, తొమ్మిదో తరగతి సరుకుకని చోటు పెట్టించండి. ఏ తేదీనో ముందే చెప్పండి. నిబంధన ప్రకారం చేసిన పెట్టెలు నాలుగు చేయించి రేవులో ఉంచండి. పాడైనవి వాటిలో పెట్టి వెనక్కి పంపుకుంటాం, అద్దె కడతాం. ఇక్కడ బళ్లు అమ్మే ప్రతి కంపెనీ పదో ఇరవయ్యో బ్యాటరీలు ఇక్కడే నిల్వ ఉంచాలని ఒక్క ముక్క ఆర్డరు ఇవ్వండి. ఇవేవీ ఇప్పట్లో కావంటే, నా బ్యాటరీ ఏ ఓడలో వస్తుందో అదొక్కటీ కనుక్కుని చెప్పించండి. మీ దయ. హడ్డో రేవుకు నేనే వస్తాను, రాత్రయినా సరే, వానయినా సరే. పాతిక కిలోలు ఉంటుంది. ఈ ఎక్కుడంతా భుజాన మోసుకొస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
మిడిల్ పాయింట్