నా రిజిస్టరులో లేని గడి

మా మేనల్లుడి చేత షటిల్ రాకెట్ కింద పెట్టించింది నేను. చుట్టాలందరూ ఇప్పటికీ "వాడికి చదువు మీదకి మనసు మళ్లింది" అని చెప్పుకుంటారు. మళ్లలేదు. 2018 వేసవిలో నేను ఒక తీర్పు చెప్పాను, వాళ్లిల్లు ఆ తీర్పు ప్రకారం నడిచింది. అది ఎంత తెలివితక్కువ తీర్పో తెలిశాక కూడా చాలాకాలం ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను లెక్కల మాస్టారిని. కొత్తపేట చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. యూనిట్ టెస్టు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్ అని గడులు గీసిన రిజిస్టరు నా చేతిలో ఎప్పుడూ ఉండేది. పిల్లవాడి పేరు చెబితే చాలు, వాడి వరస మొత్తం కళ్ల ముందుకొచ్చేది. ఎంపీసీలో వేయాలా, బైపీసీలో వేయాలా, పాలిటెక్నిక్‌కి పంపాలా అని ఊళ్లోవాళ్లు వచ్చి అడిగేవారు. ఆ అలవాటుతోనే మా వాళ్లు ఆట గురించీ నన్నే అడిగారు. ఆ అలవాటుతోనే నేనూ చెప్పేశాను.

చెల్లెల్ని రాజోలు దగ్గర ఇచ్చాం. బావగారికి కొంచెం కొబ్బరితోట ఉంది. దింపు తీయించి, అంబాజీపేటలో కాయ అమ్మిన డబ్బుల్లోంచే కుర్రాడి ఫీజు, హాస్టలు, రాకెట్లు, గట్టింగు అన్నీ వెళ్లాలి. 2017లో వాణ్ణి హైదరాబాద్‌లో ఒక అకాడమీలో చేర్చారు. అప్పటికి పద్నాలుగేళ్లు. వయసుకు మించిన పొడుగు, వెనక నుంచి కొడితే ఎదుటివాడు పక్కకు తప్పుకునేంత దెబ్బ. ఆ రోజుల్లో అమలాపురం, రాజోలు వైపు పొడుగ్గా ఎదిగిన పిల్లవాడు కనిపిస్తే "షటిల్‌లో పెట్టండి" అనడం మామూలైపోయింది. కారణం అందరికీ తెలిసిందే. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ అప్పటికే దేశం తరఫున ఆడుతున్నాడు.

చేరిన ఏడాదే మావాణ్ణి సింగిల్స్ నుంచి డబుల్స్‌కి మార్చారు. ఆ సంవత్సరం వాడు ఆడిన టోర్నమెంట్ల ఫలితాలన్నీ బావగారు ఫోన్‌లో తెప్పించుకుని కాగితం మీద రాసుకొచ్చారు. క్వాలిఫయింగ్‌లో ఓటమి, మొదటి రౌండులో ఓటమి, మళ్లీ మొదటి రౌండు. ఎక్కడో ఒకచోట రెండో రౌండు. "ఏమంటారు బావగారూ, ఇంకో ఏడాది చూద్దామా?" అని అడిగారు. ఆయన గొంతులో ఆశ ఉంది. కొబ్బరి ధర బాగాలేక చేసిన అప్పు కూడా ఉంది. ఆ కాగితాన్ని నేను మార్కుల షీటు చదివినట్టే చదివాను. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్‌లో, గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సాత్విక్, చిరాగ్ శెట్టి జంట రజతం తెచ్చింది. మిక్స్‌డ్ టీమ్ స్వర్ణంలోనూ సాత్విక్ ఉన్నాడు. నేను ఆ మాటే ఎత్తాను. "సాత్విక్ పదిహేడేళ్లకే పతకం తెచ్చాడు. మనవాడు మొదటి రౌండు దాటడం లేదు. వచ్చేవాడైతే ఈ ఏడాదిలోనే ఆ ఛాయ కనిపించేది. ఇంక చాలు బావా, చదువులో పెట్టు."

చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, వాడేమంటున్నాడో ఒకసారి కనుక్కున్నావా?" అంది. "చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు?" అన్నాను.

నిజానికి వాడు నాకు చెప్పాడు. ఆ సంక్రాంతికి ఫోన్‌లో మాట్లాడుతూ, "మావయ్యా, ఈ ఏడాది నన్ను ముందు నిలబెడుతున్నారు" అన్నాడు. ముందు అంటే ఏమిటి, ఎందుకు, అక్కడ ఏం నేర్పుతున్నారు అని నేను అడగలేదు. "గెలుస్తున్నావా?" అని మాత్రం అడిగాను. వాడు ఒక్క క్షణం ఆగి, "లేదు మావయ్యా" అన్నాడు. అంతటితో ఆ సంభాషణ అయిపోయింది. నాకు ఈ రోజుకీ నిద్ర పట్టనివ్వనిది ఆ సంభాషణే.

ముందు ఆట అంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. డబుల్స్‌లో దాడి మొదలవగానే ఒకడు వెనక నుంచి స్మాష్ కొడతాడు, రెండోవాడు నెట్ దగ్గర కాపు కాస్తాడు. ఎదుటివాళ్లు తిప్పి పంపిన కాక్‌ని కిందికి దిగకముందే పట్టుకోవాలి. సర్వీసు తర్వాత వచ్చే మొదటి రెండు మూడు దెబ్బల్లో జోరు ఎవరిదో తేల్చాల్సింది చాలావరకు అతనే. అతను బాగా ఆడితే పాయింటు పక్కవాడి స్మాష్ వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది. పొరపాటు చేస్తే మాత్రం నెట్‌కి తగిలిన కాక్ అందరి కళ్లకీ ఆనుతుంది. వెనక నుంచి బలంగా కొట్టడం ఒక్కటే తెలిసిన పొడుగాటి పిల్లవాణ్ణి తెచ్చి అక్కడ నిలబెడితే, మోకాళ్లు వంచి, రాకెట్ పైకెత్తి పట్టుకుని, చూపుతోనే దెబ్బను అందుకోవడం నేర్చుకోవాలి. అది నేర్చుకుంటున్నంతకాలం ఓడిపోతూనే ఉంటాడు. పాత ఆట చేతిలోంచి జారుతుంది, కొత్త ఆట ఇంకా చేతికి రాదు.

సాత్విక్ సంగతీ నేను తిరగేసి చదివాను. 2014లో అతను హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ అతన్నీ, ముంబయి కుర్రాడు చిరాగ్‌నీ జత చేశాడు. ఇద్దరూ వెనక నుంచి కొట్టేవాళ్లే. అలాంటి ఇద్దర్ని కలిపితే ముందు ఆట ఎవరు ఆడతారు? ఇద్దరూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అంటే 2018లో నేను చూసింది హైదరాబాద్‌లో సాత్విక్ నాలుగో ఏడాది. మా మేనల్లుడిది మొదటి ఏడాది. లెక్కల మాస్టారినై ఉండి ఒకటిని నాలుగుతో పోల్చి, ఒకటి చిన్నదని తేల్చాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇలా చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి.

ఇది నాకు ఎలా బోధపడిందో చెప్పాలి. మన ఊళ్లో కాదు, టెక్సస్‌లో.

2019 చివర్లో, రిటైరయ్యాక, నేనూ మా ఆవిడా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే మా అన్నయ్య కొడుకు ఇంటికి వెళ్లాం. ఆదివారాలు వాడి స్నేహితులు, అందరూ తెలుగువాళ్లే, టీవీ ముందు చేరి అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవారు. మన డ్రీమ్11 లాంటి పోటీ ఒకటి వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు. ఎవరి ఆటగాళ్లను వాళ్లు ఎంచుకుంటారు. ఆ ఆటగాడు పట్టిన బంతులు, పరిగెత్తిన గజాలు లెక్కేసి పాయింట్లు. ఆ ఏడాది వాళ్ల వాదనంతా హాకెన్సన్ అనే కుర్రాడి గురించి. కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డెట్రాయిట్ జట్టు అతన్ని దేశం మొత్తంలో ఎనిమిదో ఎంపికగా తీసుకుంది. మొట్టమొదటి మ్యాచ్‌లోనే 131 గజాలు సాధించాడు. తర్వాత చల్లబడ్డాడు, చీలమండకు దెబ్బ తగిలి మధ్యలోనే ఆగిపోయాడు. ఏడాది మొత్తానికి 32 బంతులు, 367 గజాలు. "దండగ పిక్. వచ్చే ఏడాది వదిలేస్తా" అన్నాడు ఒకతను. గొంతు అతనిది, మాట నాది. రాజోలు అరుగు మీద నేనన్నది అదే.

మా అన్నయ్య కొడుకు ఒప్పుకోలేదు. నాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. "బాబాయ్, వాడి స్థానాన్ని టైట్ ఎండ్ అంటారు. ముందు వరసలో బరువైనవాళ్లు అడ్డుగోడలా నిలబడతారు కదా, ఆ వరస చివర ఉంటాడు. ఒకసారి వాళ్లతో పాటు ఎదుటివాణ్ణి ఒంటితో ఆపాలి. ఇంకోసారి పరుగు తీసి బంతి పట్టాలి. ఆ రెండు పనుల వాళ్లకీ చెప్పే పాఠాలు వీడొక్కడే నేర్చుకోవాలి. ఆపడానికి మన లెక్కలో ఒక్క పాయింటు కూడా లేదు. పట్టిందే కనిపిస్తుంది."

"ముందు నిలబెడుతున్నారు మావయ్యా" అన్న గొంతు నాకు అక్కడ, ఆ సోఫాలో, రెండేళ్ల తర్వాత వినిపించింది. లేచి బయటికి వెళ్లాను. ఏమైందని మా ఆవిడ అడిగితే చలిగాలి కోసం అన్నాను.

ఆ తర్వాత పట్టుదలగా ఆ లెక్కలు చూశాను. టోనీ గొంజాలెజ్ అనే టైట్ ఎండ్ 1997లో, తన మొదటి ఏడాది, 33 బంతులు పట్టి 368 గజాలు సాధించాడు. హాకెన్సన్ కంటే ఒక్క బంతి, ఒక్క గజం ఎక్కువ. అదే గొంజాలెజ్ 2013లో ఆట మానేసేనాటికి మొత్తం 1,325 బంతులు పట్టాడు, ఆ స్థానంలో ఎవరూ అన్ని పట్టలేదు. ట్రావిస్ కెల్సీ 2013లో మోకాలి ఆపరేషన్ వల్ల ఒక్కటే మ్యాచ్ ఆడాడు, ఒక్క బంతీ పట్టలేదు. జార్జ్ కిటిల్‌ని 2017లో 146వ ఎంపికగా తీసుకున్నారు. మొదటి ఏడాది 515 గజాలు, రెండో ఏడాది 1,377. మేం తిరిగొచ్చే ముందు, 2020 ఫిబ్రవరి 2న జరిగిన సూపర్ బౌల్ ఫైనల్లో ఒక జట్టులో కెల్సీ, ఎదుటి జట్టులో కిటిల్. ఆ రాత్రి నేను బంతి వైపు చూడలేదు. బంతి లేనప్పుడు వాళ్లిద్దరూ ఏం చేస్తున్నారో అదే చూస్తూ కూర్చున్నాను.

హాకెన్సన్ ఆ తర్వాతి ఏడాది 723 గజాలతో, మేటి ఆటగాళ్లను పిలిచే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. అయితే "ఆగితే అందరూ పైకొస్తారు" అని కొత్త సూత్రం పట్టుకుంటే అదీ తప్పే అవుతుంది. కైల్ పిట్స్ 2021లో మొదటి ఏడాదే 1,026 గజాలు సాధించాడు, మరుసటి ఏడాది దెబ్బ తగిలి 356 దగ్గర ఆగిపోయాడు. బ్రాక్ బవర్స్ 2024లో మొదటి ఏడాదే 112 బంతులు పట్టి, కొత్త టైట్ ఎండ్ సాధించిన గజాల్లో 1961 నుంచి నిలిచి ఉన్న మైక్ డిట్కా రికార్డును దాటేశాడు. కొందరు వెంటనే చూపిస్తారు, కొందరికి ఆలస్యం, కొందరు మొదట వెలిగి తడబడతారు. ఈ మూడు రకాల్లో ఆటగాడు ఏ రకమో మొదటి ఏడాది అంకె చెప్పదు. ఆ ఏడాది అతని చేత ఏ పని చేయించారో తెలిస్తే కొంత చెప్పగలం. నా రిజిస్టరులో ఆ గడే లేదు.

తిరిగొచ్చిన నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. కోర్టులు మూసేశారు. కుర్రాడు ఆట వదిలి అప్పటికే రెండేళ్లు కావస్తోంది. చెబుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చెబితే వాడికి ఏం ఒరుగుతుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అది పిరికితనమని ఇప్పుడు తెలుసు. సాత్విక్, చిరాగ్ గెలుస్తూ పోయారు. 2022లో థామస్ కప్, 2023లో దుబాయ్‌లో ఆసియా టైటిల్, హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ అక్టోబరులోనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ప్రతి వార్తకీ ఊరంతా సంబరపడింది, నేనూ సంబరపడ్డాను. ఆ వెంటనే మా చెల్లెలి ఇల్లు గుర్తొచ్చేది.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో వాళ్లు మలేషియా జంట చేతిలో ఓడిపోయారు. మర్నాడు అమలాపురంలో టీ కొట్టు దగ్గర ఒకాయన "ఇంక వీళ్ల పని అయిపోయిందండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ ఆయన్ని ఏమీ అనలేకపోయాను. అనే అర్హత ఉందా నాకు? ఏడాది తర్వాత అదే పారిస్‌లో, ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో, అదే మలేషియా జంటను వాళ్లు ఓడించి కాంస్యం తెచ్చుకున్నారు.

టీ కొట్టు దగ్గర నుంచి ఆ రోజు నేను తిన్నగా రాజోలు బస్సెక్కాను. మేనల్లుడు కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాడు, సెలవుకి ఇంటికొచ్చి ఉన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను: నువ్వు ముందు నిలబెడుతున్నారని చెప్పిన రోజు నేను వినలేదు, మీ అమ్మ అడగమంటే అడగలేదు, నీ ఒకటో ఏడాదిని సాత్విక్ నాలుగో ఏడాదితో పోల్చాను, నువ్వు పెద్ద ఆటగాడివి అయ్యేవాడివి, నేనే చెడగొట్టాను.

వాడు చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "అది కూడా మీకు తెలీదు కదా మావయ్యా" అన్నాడు. "నేను అయ్యేవాణ్ణో కాదో నాకే తెలీదు. ఆ జూన్ నాటికి, ముందు నిలబడి ఆడే ఆట కొంచెం పట్టుబడుతోంది. సర్వీసు మీదకి వెళ్లి కొట్టడం వస్తోంది. అది ఎంతవరకు వచ్చేదో చూసుకోవాలనుంది, అంతే."

నేను బదులు చెప్పలేకపోయాను. మా చెల్లెలు లోపలి నుంచి వింటూనే ఉంది, బయటికి రాలేదు.

ఈ మధ్య ముక్తేశ్వరం వైపు నుంచి నా పాత విద్యార్థి ఒకతను వచ్చాడు. కూతుర్ని షటిల్‌లో పెట్టి ఏడాదైందట. ఫలితాల కాగితం తీసి, "చూసి చెప్పండి మాస్టారూ, పనికొస్తుందంటారా?" అన్నాడు. నేను కాగితం అందుకోలేదు. అమ్మాయిని ఏ స్థానంలో ఆడిస్తున్నారు, ఎవరితో జత చేశారు, నిరుడు చేతకానిది ఇప్పుడేం చేయగలుగుతోంది అని అడిగాను. అతనికి తెలీదు. అమ్మాయికి అక్కడే ఫోన్ చేయించాను. స్పీకర్‌లో పెట్టాం. ఆ పిల్ల మొదట బెరుగ్గా మాట్లాడింది, తర్వాత ఇరవై నిమిషాలు ఆపలేదు. వాళ్ల నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే వారం వెళ్లి ప్రాక్టీసు చూసొస్తానన్నాడు.