ఆగకుండా కూస్తే నూనె

నాకు వచ్చినవి రెండే కూతలు. బోరులోకి దించినప్పుడు నా మొన నీటిని తాకితే ఆగి ఆగి కూస్తాను, నూనెను తాకితే గుక్క తిప్పుకోకుండా కూస్తాను. మొనలో ఉన్న పరారుణ కాంతి ద్రవం తగిలిందని పసిగడుతుంది. పక్కనే ఉన్న రెండు తీగ కొసలు అందులో కరెంటు పారుతుందో లేదో చూస్తాయి. లవణాలున్న నీటిలో పారుతుంది, డీజిల్లో పారదు. నా తెలివంతా అంతే. కాగితాల్లో నా పేరు ఇంటర్‌ఫేస్ మీటరు. నన్ను మోసే కుర్రాడు మాత్రం 'టేపు' అంటాడు, 30 మీటర్ల టేపు కొసన వేలాడతాను గనుక.

నా డ్యూటీ నెల్లూరు తీరాన, కోట దగ్గర, ఒకప్పుడు డీజిల్ నిలవచేసిన ఒక యార్డులో. భూమిలో పాతిన ట్యాంకు అడుగు తుప్పుపట్టి ఎన్నాళ్లు కారిందో ఎవరికీ తెలియదు. స్టాకు లెక్కల్లో తేడా వచ్చాకే తవ్వి చూశారు. ఆ తర్వాత చుట్టూ పరిశీలన బోర్లు వేశారు. వాటి ప్లాస్టిక్ పైపులకు సన్నటి చీలికలుంటాయి. నీటిమట్టానికి పైనా కిందా కూడా చీలికలుండాలి, లేకపోతే పైన తేలే నూనె లోపలికి రాదు, నేనేమో అంతా బాగుందని కూస్తాను. వరసలోనూ ఒక పద్ధతుంది. శుభ్రమైన బోరుతో మొదలుపెట్టి మురికి బోరుతో ముగించాలి. బోరు బోరుకీ మధ్య నాకు సబ్బునీళ్ల స్నానం తప్పదు.

ఇక్కడి నేల ఇసుక, నీరు పైనే దొరుకుతుంది. అదే వరం, అదే చిక్కు. ఈ తీరంలో మంచినీరు సముద్రపు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, మా యార్డులో దాని మీద డీజిల్ తేలుతోంది. మూడు పొరలు, మజ్జిగ మీద వెన్న తేలినట్టు. సముద్రమట్టానికి 1 మీటరు పైకి మంచినీరుంటే కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉంటుందని వందేళ్ల కిందటే లెక్క కట్టారు. ఆ లెక్క తిరగేస్తే భయమేస్తుంది. పైన మట్టం ఒక అడుగు దిగిపోతే కింది ఉప్పునీరు పోను పోను 40 అడుగులు పైకెక్కగలదు. అందుకే పెద్ద మోటారు పెట్టి మొత్తం తోడిపారేద్దామన్న కాంట్రాక్టరు మాట ఇక్కడ చెల్లలేదు. నూనెను మాత్రమే మెల్లగా లాగే స్కిమ్మర్ బిగించారు. పెట్రోలైతే ఆవిరిగా పీల్చేయొచ్చు, డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. మట్టిలోకి గాలి ఊదితే అక్కడి సూక్ష్మజీవులే దాన్ని తింటాయి. వాటికి తొందర లేదు, ఆఫీసువాళ్లకే తొందర.

ఉత్తర చెన్నైలో తెలుగువాళ్లు చాలామంది ఉండే తండయారుపేటలో 2013లో ఇళ్ల బోర్లలో పెట్రోలు వాసన వచ్చింది. భూమిలో పోయే చమురు పైపులైను కారింది. హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లిన ఆ గొడవ చెబుతూ కుర్రాడు ప్రతిసారీ ఒక మాట కలుపుతాడు: అక్కడ ముందు కనిపెట్టింది యంత్రాలు కాదు, ఇంట్లోవాళ్ల ముక్కులు. నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది. ఇక్కడ అంతదాకా రాకూడదు. మా దగ్గరే వచ్చే కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. కోట, చిల్లకూరు మండలాల్లో వచ్చే ఆ ఫ్యాక్టరీల మొదటి ట్యాంకు దిగకముందే బోర్లు వేసి, నేటి నీళ్లు ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. తర్వాత వేస్తే నీళ్లు ఎవరు పాడుచేశారన్న తగువు తెగదు.

నా అసలు గోడు వానాకాలంది. మాకు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నీటిమట్టం లేవగానే డీజిల్ ఇసుక రేణువుల మధ్య బొట్లుబొట్లుగా చిక్కుకుని నీటి కిందే ఉండిపోతుంది. బోరులోకి రాదు. నేను ఆగి ఆగి కూస్తాను. డిసెంబరు రీడింగు: నూనె శూన్యం. దాన్ని చూసి యార్డు మేనేజరు స్కిమ్మర్ ఊడదీయించి, "క్లీన్ అని రాసి పంపవయ్యా" అన్నాడు.

"నీళ్లు పైకొచ్చాయి సార్, నూనె పోలేదు. ఎండలకు మట్టం దిగితే మళ్లీ వస్తుంది."

"టేపు ఆగకుండా కూయలేదుగా?"

నన్ను సాక్షిగా పిలిస్తే నేనేం చెప్పను? తేలే నూనె తప్ప నాకేదీ తెలియదు. నీటిలో కరిగిన బెంజీన్ నాకు అంతుచిక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అది తేల్చాల్సింది ల్యాబు. కుర్రాడు రిమార్కుల గడిలో 'మట్టం పెరిగింది, మే నెలలో మళ్లీ చూడాలి' అని రాసి సంతకం పెట్టాడు. మేనేజరు ఆ గడి చదవలేదు.

మే నెలలో దించారు. పక్క రొయ్యల గుంట కాపలా పెద్దాయన కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. 3.10 మీటర్ల దగ్గర అందుకున్న కూత 3.29 దాకా ఆపలేదు.

"ఏందబ్బయా, ఇంకా కూస్తానే ఉండాదే?"

"19 సెంటీమీటర్లు పెద్దాయనా," అని చెప్పి కుర్రాడు మేనేజరుకు ఫోన్ కొట్టాడు. స్కిమ్మర్ మళ్లీ బిగించడానికి మనుషులు సోమవారం వస్తారట.