అవగాహన కూర, 400 గ్రాములు

పశ్చిమ ప్రకాశంలో జనం కూరగాయలు, పండ్లు సరిగా తినడం లేదట. ఎందుకు తినడం లేదో కూడా పెద్దలు కనిపెట్టేశారు: అవగాహన లేదు. అందుకే 2018 నుంచి ఏటా సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతున్నారు. క్యారెట్లు, బీట్‌రూట్లు, కరివేపాకుతో ముగ్గు పెట్టి, చుట్టూ నిలబడి ఫొటో దిగి, తోటకూర ఒంటికి మంచిదని చెప్పి జీపెక్కుతారు. ఇక్కడి పొదిలి ఆడవాళ్లకు తోటకూర గొప్పతనం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

సరే, అవగాహన వచ్చిందనుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నలుగురున్న ఇంటికి 2 కిలోలు. కిలో సగటున 40 రూపాయలనుకున్నా 80 రూపాయలు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అదీ పని దొరికిన రోజున. ఉప్పూ పప్పూ నూనే, కరెంటు బిల్లూ, డ్వాక్రా కంతూ మిగిలిన 227లో సర్దుకోవాలి. 2023 జులైలో టమాటా కిలో 200 దాటింది. ఆ నెలలో అవగాహన ఉన్నవాళ్లకే దిగులు ఎక్కువ.

మన అవ్వలకు ఈ మార్గదర్శకాలు తెలియవు పాపం. కలుపు తీయడానికి వెళ్లి ఒడిలో చెంచలాకు, గురుగాకు తెచ్చుకునేవాళ్లు. కంది సాళ్లలో అలసంద, గట్టున గోంగూర, కంచె మీద కాకర తీగ. పిల్లలు రేగుపండ్లు, ఈతపండ్లు, సీతాఫలాలు ఏరుకు తినేవాళ్లు. ఎవరికీ పైసా ఇచ్చింది లేదు. ఇప్పుడు కలుపు మందు కొడితే కలుపుతోపాటు కూరా పోతుంది. పిల్లాడి చేతికి 5 రూపాయల ప్యాకెట్ వచ్చింది. ఇదేం పొదిలి ఒక్కదాని వింత కాదు. కేంద్రం చేసిన గృహ వినియోగ సర్వేలు చూడండి. 1999-2000లో గ్రామీణ కుటుంబం ఖర్చులో కూరగాయల వాటా 6.17 శాతం, 2022-23లో 5.38. పండ్ల వాటా పెరిగింది నిజమే. కానీ పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండి 4.19 నుంచి 9.62కు ఎగబాకి, కూరగాయలూ పండ్లూ కలిపినా అందనంత ఎత్తున కూర్చున్నాయి. అవగాహన లేదని ఎవరన్నారు? ప్రకటనల వాళ్లు బ్రహ్మాండంగా కల్పించారు.

ఇక పండించుకోకపోవడం రైతు తప్పట. పొదిలిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. దాని వెనుక 1976 నుంచి ఒక బోర్డు ఉంది. తినకూడని ఆకుకు బోర్డు, వేలం, బేళ్ల లెక్క. తినాల్సిన ఆకుకు నినాదం. బత్తాయి వేసిన రైతులు బోర్లు ఎండితే ట్యాంకర్లతో తడిపారు. ఆపైన చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్నారు. బతికిన తోటల కాయ లారీ ఎక్కి నగరాలకు పోతుంది. మన ఇంట్లోకి పండు రావాలంటే ఎవరికైనా జ్వరం రావాలి. ఈ ప్రాంతానికి సాగునీరు ఇవ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ రోజుకీ పొలాల్లో పారింది ఉపన్యాసమే.

ప్రాథమిక బడి పిల్లలకైతే మధ్యాహ్న భోజనంలో రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలని నిబంధన ఉంది. ఆ పిల్లాడి పూటకు 2025 మే నుంచి ఇస్తున్నది 6 రూపాయల 78 పైసలు. పప్పు, నూనె, పోపు, వంటచెరుకు కూడా అందులోంచే. వంటమనిషికి పోషకాహారం మీద కాదు, ఇంద్రజాలం మీద శిక్షణ ఇవ్వాలి.

ఇంత కరువులోనూ కూర అందరికీ సమంగా తక్కువ పడదు. ముందు మగవాడికి వడ్డన, తర్వాత పిల్లలకు. ఇల్లాలు కూర్చునేసరికి గిన్నెలో ముక్క ఉండదు, అడుగున పులుసు, పక్కన పచ్చడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు 58.8 శాతం, మగవాళ్లు 16.4. అయిదేళ్లలోపు పిల్లల్లో అంతకుముందు సర్వేలో 58.6 ఉన్నది 63.2కు పెరిగింది. నెలసరి, కాన్పులు కూడా ఆడవాళ్ల నెత్తురు తీస్తాయి, నిజమే. అలా నెత్తురు పోయేవాళ్లకే కదా కూర ముందు పెట్టాల్సింది! ముందు తినేవాడికి ఒక్క ఉపన్యాసమూ లేదు, చివర తినేదానికి నెలరోజుల అవగాహన.

కాబట్టి ఒక మనవి. వచ్చే పోషణ మాసంలో ముగ్గు మానేసి ఒక్క జీవో ఇవ్వండి: ఆ నెలంతా ఇంట్లో ఆడవాళ్లు ముందు తినాలి, మగవాళ్లు మిగిలింది తినాలి. రెండో రోజుకే ఊరి మగవాళ్లందరికీ కూర చాలడం లేదన్న అవగాహన వస్తుంది. మూడో రోజుకి పొదిలి సెంటర్లో రాస్తారోకో. నెలాఖరుకి వెలిగొండ నీళ్ల మీద అఖిలపక్షం.