పొట్టేలుకి మందు పట్టించడం

తెలుగులో 'మందు' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఎవరూ బతిమాలకుండానే లోపలికి పోతుంది. రెండోది నలుగురు పట్టుకుంటే గానీ పోదు. నెల్లూరు దగ్గర మైపాడు వైపు సముద్రపు ఊళ్ళలో, ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక ఇళ్ళ ముందు జరిగే రెండోరకం తతంగం చూస్తే, మొదటిరకం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

ఆ వైపు ఒక ఇల్లు. ఇసక వాకిలి, కనుచూపు మేరా రొయ్యల గుంటలు, సరుగుడు చెట్టుకి కట్టేసిన జోడిపి పొట్టేలు. నెల్లూరు గొర్రెల్లో తెల్లనిది పల్ల, ఎర్రనిది దొర, తెల్లటి ఒంటి మీద కళ్ళకీ మూతికీ నల్లమచ్చలున్నది జోడిపి. దేశంలో ఇంతకన్నా పొడుగు గొర్రె జాతి లేదు. ఉన్ని లేని ఒళ్ళు, బారు కాళ్ళు చూసి పట్నం చుట్టాలు మేక అనుకుంటారు. కాటుక పెట్టుకుని పెళ్ళికి బయల్దేరినట్టుండే ఈ పొట్టేలుని, తల్లి చచ్చిపోతే, పాలసీసాతో పెంచారు. అందుకే ఇంటిల్లిపాది మీదా దానికి చనువు. ఆ చనువు కొమ్ములతో చూపిస్తుంది. పేరంటూ లేదు. 'అబయా' అంటే అదీ వస్తుంది, మనవడూ వస్తాడు.

అట్లాంటిది మేత మానేసింది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. అవ్వ దాని కంటి కిందిరెప్ప లాగి చూసి, "రకతం లేదురా, తెల్లంగా పాలిపోయుండాది" అంది. మనవడికీ ఆమె చేసే పరీక్ష అదే. దక్షిణాఫ్రికాలో ఈ పనికి రంగుల అట్ట ఒకటి తయారుచేసి, ఫఫా మలన్ అనే డాక్టరు పేరు కలిసొచ్చేలా 'ఫమాచా' అని పిలిచారు. రెప్ప ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు, తెల్లబడితే ఆలస్యం చెయ్యకూడదు. అవ్వ అట్ట లేకుండానే కానిచ్చేసింది.

పశువుల డాక్టరుగారూ అదే తేల్చారు. నట్టలు. తడి గడ్డి మీదికెక్కి కూర్చునే హీమాంకస్ పిల్లపురుగులు మేతతో పాటు కడుపులో చేరతాయి. పెరిగాక ఒక్కో ఆడపురుగు రోజుకి వేలల్లో గుడ్లు పెడుతుంది. కడుపులో పురుగులు 5,000 చేరాయంటే రోజుకి పావులీటరు రక్తం ఖర్చు.

"బరువెంత?" అన్నారాయన.

"పాతిక కిలోలుంటాది సార్" అన్నాడు ఇంటాయన. కిందటి నెల బేరానికొచ్చినవాడితో ఇదే నోటితో యాభై అన్నాడు. కాటా మీద 40 తేలింది. డాక్టరుగారికి కోపం రావడంలో తప్పులేదు. బరువు తగ్గించి చెబితే మోతాదు తగ్గుతుంది, చాలీచాలని మందుకి చావని పురుగులు ఆ మందుని లెక్కచెయ్యని సంతానాన్ని కంటాయి. ఆల్బెండజోల్ కిలోకి 7.5 మిల్లీగ్రాముల లెక్కన 300. అంటే 2.5 శాతం మందు 12 మిల్లీలీటర్లు.

ఆ కాస్త మందుకి నలుగురు మగాళ్ళు లేచారు. మేనల్లుడు కొమ్ములు పట్టాడు, పక్కింటి మామ నడుము పట్టాడు, ఇంకొకడు సలహాలు పట్టాడు. ఇంటాయన చేతిలో ఖాళీ బీరుసీసా. పూర్వం వాలుగా కోసిన వెదురు గొట్టంతో పోసేవాళ్ళు. ఇప్పుడు వెదురుకి కరువొచ్చినా సీసాలకి రాలేదు. మేనల్లుడు మూతిని ఆకాశానికెత్తాడు. గడగడా పోశారు. పొట్టేలుకి పొలమారింది.

మనిషికి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటాం. పొట్టేలుకి పొలమారితే తలుచుకునేది కసాయి. తలెత్తి పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, నట్టలకన్నా ముందు అదే పని పూర్తిచేస్తుంది. అదృష్టం బాగుండి ఇది దగ్గి, మొత్తం ఇంటాయన పంచె మీద కక్కేసింది.

అమెరికాలో ఫెర్రెట్ అనే జంతువుని పెంచుకునేవాళ్ళ పని ఇంతకన్నా సుఖం. చూపుకి మన ముంగిసలా ఉంటుంది గానీ చుట్టం కాదు, బరువు కిలో అటూ ఇటూ. మెడ వెనక తోలు పట్టి ఎత్తితే చాలాసార్లు నోరు బార్లా తెరిచి ఆవలిస్తుంది. ఆ సందులో మందు పోసేస్తారు. పొట్టేలుని అట్లా ఎత్తబోతే నోరు తెరిచేది ఎత్తినవాడే. పోనీ ముంగిసని పెంచుకుందామా అంటే, 1972 వన్యప్రాణి చట్టం కింద ఆవలింతలన్నీ జైల్లోనే.

"ఇటియ్యండి" అంది అవ్వ. మందు ఎట్లా పొయ్యాలో డాక్టరుగారు చెప్పింది చెవినబెట్టింది ఆమె ఒక్కతే. పొట్టేలుని గోడ మూలకి నెట్టి, మెడకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడింది. గొర్రెకి పై దవడలో ముందు పళ్ళుండవు. కింది ముందు పళ్ళకీ వెనక దంతాలకీ నడుమ ఖాళీ ఉంటుంది. సూది లేని సిరంజిని పెదవి పక్కనుంచి ఆ ఖాళీలో దూర్చి, నాలుక వెనక్కి చేర్చి, తల ఎత్తకుండా, గుక్క గుక్కకీ ఆగుతూ పోసింది. సాయానికొచ్చిన పక్కింటి మామ వేలు ఇంకాస్త లోపలికి పెట్టి, వెనక దంతాలు ఎక్కడ మొదలవుతాయో తెలుసుకున్నాడు.

"గమ్మునుండు అబయా, అయిపోయింది" అంటోంది అవ్వ. మనవడు గమ్మునే ఉన్నాడు, ఊరికే కాదు. ఫిబ్రవరి 10 దగ్గరకొచ్చింది. 2015 నుంచి జాతీయ నులిపురుగుల దినానికి పిల్లలకి ఇస్తున్న మాత్ర కూడా ఆల్బెండజోలే, వాడి ఈడు వాళ్ళకి 400 మిల్లీగ్రాములు. పొట్టేలుకన్నా వాడి వాటాయే ఎక్కువ. డబ్బాలు మాత్రం మార్చకూడదు.

వాడు కన్నార్పకుండా చూస్తుండగానే పొట్టేలు చివరి గుక్కని బుగ్గలో దాచుకుంది. అందరూ చేతులు వదిలేదాకా ఆగి, ఇంటాయన మార్చుకొచ్చిన రెండో పంచె మీద తుపుక్కున ఉమ్మింది.

ఆ రాత్రి మనవడు అద్దం ముందు నిలబడి, బుగ్గలో బెల్లంముక్క దాచుకుని అమ్మతో మాట్లాడటం సాధన చేస్తున్నాడు.